పళ్ళచక్రం కార్డు

అక్క కట్టుబట్టలతో చెల్లెలి గుమ్మంలో వచ్చి నిలబడిన రోజు నుంచీ ఈ కథ వెంట నడుస్తున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. చిట్టి ఇంట్లో కూర్చుని మగవాళ్ళకిచ్చే శుభాకాంక్షల కార్డులు చేస్తుంది. ఆమె భర్త అక్క మొగుడి మోటారు షెడ్డులో పనిచేస్తాడు. ఆ బావే, ఎదురు చెప్పిందని, అక్కని షెడ్డు వెనక సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు. తాళం తీసిన పూట అక్క చెల్లెలింటికి వచ్చేసింది. కానీ అప్పటికే బావ కూతురు బుల్లిని బడి నుంచి తెచ్చి తన దగ్గర ఉంచేసుకున్నాడు. ఇన్నాళ్ళు బతిమాలగా బతిమాలగా అక్కాచెల్లెళ్ళ బాబాయి కదిలాడు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని బావ ముఖం మీదే చెప్పి, పిల్లని వెంటబెట్టుకు వద్దామన్నాడు. మనం బాబాయినీ, అక్కనీ, చంటిపిల్లతో వచ్చిన చిట్టి దంపతుల్నీ బావ గుమ్మంలో వదిలేశాం.

ఆ తలుపు తీసిన తీరే చిట్టికి నచ్చలేదు. గొడవకి సిద్ధమైనవాడు తలుపు అలా తియ్యడు. బావ స్నానం చేసి, జుట్టుకి నూనె దట్టించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళివారిని పిలుస్తున్నట్టు ఓ పక్కకి జరిగాడు. ఎండన పడి వచ్చారు మామయ్యగారూ అని బాబాయి చేతిలో గొడుగు తనే అందుకున్నాడు. అక్క వైపు మాత్రం చూడలేదు.

ముందుగదిలో సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. కూర్చుంటే పిక్కలకి అంటుకుంటుంది, లేస్తే చర్రుమని ఊడుతుంది. గది నిండా తలనూనె వాసన, దాని అడుగున షెడ్డు నుంచి చొక్కాలతో పాటు ఇంట్లోకొచ్చిన గ్రీజు వాసన. చిట్టి అంచున కూర్చుని చంటిదాన్ని భర్త ఒళ్ళో పెట్టింది. చంటిదానికి పళ్ళొస్తున్నాయి. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. ఈ ఇంట్లో ఏది దొరుకుతుందో అని చిట్టి భయం.

టీలొచ్చాయి. అప్పటికే చల్లారి పైన తెట్టు కట్టాయి. బావ తన కప్పులోని తెట్టుని చిటికెనవేలి గోరుతో తీశాడు. ఆ గోరు చెవిలో గులిమి తీసుకోవడానికని పెంచుకున్నది. తీసిన తెట్టుని సాసరు అంచుకి రాసి, అదే చేత్తో బిస్కెట్ల పళ్ళెం బాబాయి ముందుకి జరిపాడు. చిట్టి కళ్ళు తిప్పుకుంది. తిప్పుకున్న చోట తలుపు పరదా కింద రెండు చిన్న పాదాలు కనిపించాయి. బుల్లి ఏదని అక్క అడిగితే, చదువుకుంటోంది, పెద్దవాళ్ళ మాటల మధ్య పిల్లలెందుకు, అన్నాడు బావ. పాదాలు పరదా వెనక్కి జరిగాయి.

బాబాయి మంచివాడే. కాకపోతే మాట మొదలుపెట్టడానికి ఆయనకి గొంతు చాలాసేపు సవరించుకోవాలి. సవరించుకుని, సవరించుకుని, ఆడదాన్ని గదిలో పెట్టి తాళం వెయ్యడం మనుషులు చేసే పని కాదని, పిల్లని తల్లితో పంపించమని, కోర్టులూ గీర్టులూ లేకుండా మర్యాదగా తేల్చుకుందామని అన్నాడు. బావ తల వంచుకుని అంతా విన్నాడు. విని, మడత పెట్టిన చేతిరుమాలు జేబులోంచి తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. తీసినప్పుడు మడత ఎలా ఉందో పెట్టుకున్నప్పుడూ అలాగే ఉంది, తడి లేదు. అప్పుడు లేచి అలమారు మీద నుంచి ఓ కార్డు తెచ్చాడు.

"గదికి తాళం వెయ్యడం ఏమిటో నాకు తెలీదు మామయ్యగారూ. మొగుణ్ణి చూసి భయపడే ఆడది మొగుడి పుట్టినరోజుకి ఇలాంటిది పంపిస్తుందా? మీరే చెప్పండి."

నాలిక మీద బొటనవేలు తడిపి, ఆ తడివేలితోనే కార్డు తెరిచి, లోపలి మాటలు పైకి చదివాడు. మీరు లేని ఇల్లు ఇల్లు కాదు. తప్పు నాదే. క్షమించండి. చదివేటప్పుడు పెదవులు చప్పరించాడు, బిస్కెట్టు చప్పరించినట్టే.

అక్క నోరు తెరిచింది. "నేను పంపలేదు" అంది.

"సిగ్గు" అన్నాడు బావ బాబాయితో, ముద్దుగా.

బాబాయి కార్డు వైపు, అక్క వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో ఇంటి దగ్గర గట్టిపడిన మాట ఇక్కడ మెత్తబడటం చిట్టికి కనిపిస్తూనే ఉంది. కానీ చిట్టి చూస్తున్నది బాబాయిని కాదు. కార్డు ముఖాన్ని. కాఫీ రంగులో ఓ పెద్ద పళ్ళచక్రం. దాని పళ్ళలో పళ్ళు పెట్టి తిరుగుతున్నట్టు పక్కనే ఓ బుల్లి చక్రం. కింద ఇనుప రంగులో, బోల్టులు తిప్పే పానా.

అది చిట్టి చేసిన కార్డు.

మగవాళ్ళ కార్డులంటే కార్డులు చేసేవాళ్ళందరికీ తలనొప్పి. ఆడవాళ్ళకైతే ఓ పువ్వు, ఓ సీతాకోకచిలుక, పైన కాస్త తళుకుపొడి చల్లితే మురిసిపోతారు. మగవాడికి పువ్వు వేస్తే నవ్వుతాడు. తళుకు చల్లితే చొక్కాకి అంటిందని చిరాకు పడతాడు. మగాడి కార్డు మీద ఏం వెయ్యాలో మగాడికే తెలీదు, నువ్వే ఏదో ఒకటి కనిపెట్టు తల్లీ, అంది కార్డుల కొట్టావిడ ఓ రోజు విసుగొచ్చి. చిట్టి కనిపెట్టింది. పానా, లంగరు, మీసం, గాలం, పళ్ళచక్రం. పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, ఎవరివో ఎముకలు కరిగిపోయి ఫిల్ము తేటబడేదాకా తోమి, దాని మీద బొమ్మ గీసి బ్లేడుతో కోస్తుంది. ఆ కంత మీద స్పాంజితో రంగు అద్దితే కింద కార్డు మీద బొమ్మ పడుతుంది. అంతే పని. కానీ ఆ అద్దడంలోనే ఉంది అంతా. స్పాంజిని ముందు పాత పేపరు మీద తట్టి తట్టి రంగు దాదాపు ఇంకిపోయిందనిపించాక, నిలువునా అద్దాలి. తడి ఎక్కువైతే రంగు ఫిల్ము కిందకి పాకి చక్రం కాస్తా చితికిన సాలీడులా తయారవుతుంది.

ఈ చక్రం కార్డు చెయ్యమని చెప్పింది ఆమె భర్తే. షెడ్డుకి బండి తెచ్చే ముసలాయన ఎవరో పనిలోంచి దిగిపోతున్నాడట, కొడుకులు ఇచ్చుకుంటారట, లోపల ఖాళీగా వదిలెయ్యమన్నారట. చంటిదానికి ఒళ్ళు వెచ్చబడి ఏడుస్తుంటే ఓ చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో అద్దింది చిట్టి. అద్దుతూ ఆ ముసలాయన మీద జాలిపడింది. రేపటినుంచి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తాడు పాపం అనుకుంది. పెద్ద చక్రం ఒక్కటే ఒంటరిగా ఉందని, ఎవరూ అడక్కుండానే పక్కన చిన్న చక్రం కోసింది. రంగు ఆరడానికి నోటితో ఊదింది కూడా. ఆ ఊపిరి ఇప్పుడు ఈ తడివేలి కింద ఉంది. లేని ముసలాయన మీద పడ్డ జాలి అంతా ఈ మనిషి జేబులోకి పోయింది.

"ఈ కార్డు నేను చేసింది బాబాయ్."

అనేశాక గానీ అన్నానని తెలియలేదు. బావ తడుముకుంటాడనుకుంది. అతను చేతులు చాచి నవ్వాడు.

"చెప్పండి మామయ్యగారూ, ఇంకేం కావాలి? ఇది ఉంటోంది వాళ్ళింట్లోనే. మరదలు పిల్ల కార్డు చేసింది, పెళ్ళాం లోపల రాసింది. నేను వేరే సాక్ష్యం తేవాలా?"

మరదలు పిల్ల అన్నప్పుడు చిట్టి తల మీద తట్టబోయాడు. చిట్టి తల పక్కకి తీసుకుంది. తను నోరు తెరిచి అక్క గొంతుకే ఉరి బిగించిందని అప్పటికి అర్థమైంది. బాబాయి నిట్టూర్చి, ఏమ్మా, కోపంలో ఇంట్లోంచి వచ్చేశావు గానీ మనసులో ఇది పెట్టుకున్నావా, అని అక్కని మెల్లిగా అడుగుతున్నాడు. అక్క తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఊపిన కొద్దీ అబద్ధమాడే మనిషిలా కనబడుతోంది.

చిట్టి చెయ్యి చాపింది. చూస్తానండీ బావగారూ, నా పనే కదా, అంది. బావ నవ్వు చెక్కుచెదరకుండా ఇచ్చాడు. కార్డు అంచు చెమ్మగా ఉంది. పట్టుకున్న వేళ్ళని వెంటనే కడుక్కోవాలనిపించింది. కడుక్కోకుండా తెరిచింది.

లోపల మాటలు చేతిరాత కాదు. అవి కూడా అద్దినవే, ముదురు నీలంలో. ఆ అక్షరాల ఫిల్ము కూడా చిట్టిదే. గుండ్రటి అక్షరాలు కొయ్యడం చెప్పినంత తేలిక కాదు. మధ్యలో సున్నా ఉన్నచోటల్లా చుట్టూ కోస్తే మధ్యది ఊడి చేతిలోకొస్తుంది. అది ఊడకుండా చెరో పక్కా సన్నటి వంతెన వదలాలి. ‘ర’కి అలా రెండు వంతెనలు వదిలింది. ఓ రోజు చంటిది ఆ ఫిల్ము మూల నోట్లో పెట్టుకుని నమిలేసింది. ఓ వంతెన తెగింది. అప్పటినుంచీ ‘ర’ లోపలి సున్నా ఒంటి వంతెన మీద వేలాడుతూ, నిద్రొచ్చిన కన్నులా ఓ పక్కకి వాలిపోయి పడుతుంది. కొత్తది కొయ్యాలనుకుంటూనే ఉంది. తీరిక చిక్కలేదు.

ఈ కార్డులో ‘మీరు’ అన్న మాటలో ఆ కన్ను వాలిపోయి ఉంది.

ఆ ఫిల్ము చిట్టి మంచం కింద రేకు డబ్బాలో ఉంటుంది. బయటికి పోదు. మొన్నామధ్య ఓ రోజు డబ్బా తీస్తే ఆ ఫిల్ము పైవైపంతా నీలం రంగు ఎండి పొక్కులు కట్టి ఉంది. తుడవకుండా పెట్టే అలవాటు ఆమెకి లేదు. నీలం అద్దిన గుర్తూ లేదు. భర్తని అడిగింది. అతను చంటిదాని పాలసీసా కడుగుతూ, వెనక్కి తిరక్కుండా, నిద్ర లేక నీకు మతి ఉండట్లేదు చిట్టీ, నిన్న పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయావు, అన్నాడు. చిట్టి నమ్మింది. నమ్మి భయపడింది. ఇలా అన్నీ మర్చిపోతూ ఉంటే చంటిదాన్ని ఎక్కడ మర్చిపోతానో అని ఆ వారమంతా తడవ తడవకీ లేచి దాని ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకుంది.

తలెత్తి భర్త వైపు చూసింది. అతను చంటిదాన్ని గుండెలకి కాదు, ముఖానికి అడ్డం పెట్టుకుని ఆడిస్తున్నాడు.

"ఏమండీ, అక్షరాల ఫిల్ము ఎవరికిచ్చారు?"

ఏ ఫిల్ము అన్నాడు. ఇప్పుడెందుకు అన్నాడు. బావ గొంతు సవరించుకున్నాడు, అది బాబాయి సవరించుకున్నట్టు లేదు. భర్త ఆ గొంతు వైపు ఓసారి, చిట్టి వైపు ఓసారి చూసి, చంటిదాని జుబ్బా సర్దుతూ చెప్పాడు.

"అన్నయ్య అడిగాడని షీటు ఒక్కటే ఇచ్చాను. షెడ్డు బోర్డు రాయించుకుంటానంటే. అంతే. నేనేం రాయలేదు."

"మరి పనిలోంచి దిగిపోయే ముసలాయన?"

జుబ్బా సర్దుతూనే ఉన్నాడు.

కోపం వస్తుందనుకుంది చిట్టి. రాలేదు. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు నాలిక ఎలా ముడుచుకుంటుందో, ఒళ్ళంతా అలా ముడుచుకుంది. ఈ చేతులు పాలసీసా కడిగాయి. ఈ నోరు నీకు మతి లేదంది. లేచి, ప్లాస్టిక్ కవరు చర్రుమంటుండగా వెళ్ళి, చంటిదాన్ని అతని చేతుల్లోంచి తీసుకుంది. అతను వదలడానికి ఓ క్షణం ఆలస్యం చేశాడు, అడ్డం పోతుందన్నట్టు.

బాబాయి ఇప్పుడు నిటారుగా కూర్చున్నాడు. మెత్తబడిన ముఖం మళ్ళీ గట్టిపడుతోంది. అయితే లోపలిది రాసిందెవరు అల్లుడూ, అని అడిగాడు. బావ తొణకలేదు. షీటు బోర్డుకే తీసుకున్నాను, వాడేసి మర్నాడే ఇచ్చేశాను, తర్వాత ఆ ఇంట్లో దాంతో ఎవరేం రాసుకున్నారో నాకేం తెలుసు, షెడ్డులో ఈ సున్నితం పనులు చేసే చేతులు ఎవరికున్నాయి, అని తన చేతులు ముందుకి చాపి చూపించాడు. లావుపాటి వేళ్ళు, పగుళ్ళలో నల్లగా గ్రీజు.

అసహ్యించుకుంటూనే చిట్టి ఆ మాట నిజమని ఒప్పుకోవలసి వచ్చింది. లోపలి అక్షరాలు అంత నీటుగా ఉన్నాయి. ఎక్కడా రంగు కిందకి పాకలేదు. ఈ చేతులు అద్దలేవు. తన మొగుడి చేతులూ అద్దలేవు. ఓసారి పని తొందరలో సాయం చేస్తానని కూర్చుని లంగర్లన్నిటినీ ముంచేశాడు. అక్కకి అసలే ఓపిక లేదు, స్పాంజి పట్టుకుంటే గోడకి సున్నం కొట్టినట్టు రుద్దుతుంది. స్పాంజిని పేపరు మీద తట్టి తట్టి, ఇంకాస్త, ఇంకాస్త అని తట్టి, అప్పుడు నిలువునా అద్దడం చిట్టి నేర్పింది ఒక్కరికే.

కార్డుని వెలుతురుకి వంచింది. ‘క్షమించండి’ కింద, మూలన, ఓ నీలం మచ్చ. ఫిల్ము జరక్కుండా నొక్కి పట్టుకున్న బొటనవేలి ముద్ర. చిట్టి గోరంత కూడా లేదు.

సెలవుల్లో చిట్టి వాళ్ళ వంటింటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాలిక కాస్త బయటపెట్టి, మీసాల కార్డు మీద మీసాలు అద్దిన వేలు అది. పిన్నీ బాగా వచ్చిందా, పిన్నీ బాగా వచ్చిందా అని ప్రతి మీసానికీ అడిగేది. రంగు బయటికి పోలేదు కదా, అయితే బాగా వచ్చినట్టే, అనేది చిట్టి.

తల్లి చేత అనిపించలేని క్షమాపణని కూతురి చేత అద్దించాడు. ఏం చెప్పి అద్దించాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇది బాగా వస్తే అమ్మ వచ్చేస్తుంది అని ఉంటాడు. ఎవరికీ చెప్పకు అని కూడా ఉంటాడు. ఆ మాటలు ఆ తడి పెదవుల మీద ఎలా కదిలి ఉంటాయో తలుచుకుంది. చంటిదాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అది నొప్పిపుట్టి కుయ్యిమంది.

"ఎవరమ్మా? నీకు తెలిసినట్టుంది. చెప్పు" అన్నాడు బాబాయి.

చెప్పొచ్చు. ముద్ర చూపిస్తే చాలు. కానీ బుల్లి ఈ ఇంట్లోనే ఉంది, పరదా వెనక. బాబాయికి గొంతు సవరించుకోవడానికే అంత సేపు పడుతుంది. ఆయన తేల్చేలోగా, ఆలోచించుకుని రేపు చెప్తానంటే, ఈ రాత్రి పిల్ల పడుకునేది ఎవరి దగ్గర? తన పని పాడుచేసినవాళ్ళని బావ ఏ గదిలో పెడతాడో అక్కకి తెలుసు. చిట్టి వేలు దానంతటదే జరిగి ఆ నీలం మచ్చని కప్పింది.

జరగడం అక్క చూసింది. అక్క చిట్టి పక్కకి వచ్చి నిలబడింది. కార్డులోకి వంగి, చిట్టి వేలిని మెల్లిగా పక్కకి తీసి చూసి, మళ్ళీ ఆ వేలితోనే మూసేసింది. బుల్లి పాలు తాగిన గ్లాసుల మీద, కిటికీ అద్దాల మీద ఆ ముద్రని రోజూ తుడిచిన మనిషి ఆమె. ఎవరూ చెప్పక్కర్లేదు. అక్క ముఖంలో రంగు పోలేదు. కోపం రాలేదు. ఏదో లెక్క తేలినట్టు అయిపోయింది అంతే.

"నేనే రాశాను బాబాయ్" అంది అక్క. "సిగ్గేసి కాదన్నాను. తప్పు నాదే. నేనిక్కడే ఉంటాను. మీరు వెళ్ళండి."

చిట్టి భర్త హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి వినిపించడం కన్నా చిట్టికి చెవులు లేకపోయినా బాగుండేది. బావ మళ్ళీ రుమాలు తీశాడు. ఈసారి పెదవులు తుడుచుకున్నాడు. చూశారా, ఇప్పటికి నిజం బయటికొచ్చింది, ఆడవాళ్ళ మనసు వెన్న, అని ఏదో అంటూ చెయ్యి చాపాడు.

"కార్డు ఇటివ్వమ్మా. నా పెళ్ళాం నాకు పంపుకున్నది. దాచుకోవాలి."

చిట్టి ఇవ్వలేదు. అక్క చూపుతో ఇచ్చెయ్యమంటోంది. బావ వేళ్ళు గాలిలో రెండుసార్లు ఆడాయి, తెమ్మన్నట్టు. చిటికెనవేలి గోటికి ఇంకా తెట్టు అంటుకుని ఉంది. ఇది ఇచ్చేస్తే అక్క ఈ ఇంట్లో ఉండిపోతుంది. ఇవ్వకపోతే పిల్ల పేరు తన నోటితో చెప్పాలి. చంటిది చిట్టి భుజం మీద చొంగ కారుస్తూ, కార్డు మూలని నోటితో అందుకోవడానికి మెడ చాపుతోంది.

అప్పుడు పరదా కదిలింది.

బుల్లి తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది, ఒక్కసారి, తాము చేసిన పనిని ఇంకెవరో తమదని చెప్పేసుకుంటే పిల్లలు చూసే చూపు. తర్వాత తిన్నగా చిట్టి దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, కార్డులోకి తొంగి చూసింది. వెనక్కి కట్టుకున్న చేతులు పైనుంచి చిట్టికి కనిపించాయి. గోళ్ళ చుట్టూ నీలం ఇంకా పూర్తిగా పోలేదు.

"పిన్నీ, రంగు బయటికి పోలేదు కదా?"

బావ చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయింది. ఆ గదిలో పెద్దవాళ్ళందరూ చిట్టి జవాబు కోసం చూస్తున్నారు.